చిన్న వయసు సహచర గ్రహాల చుట్టూ ఉన్న డిస్కులను పరారుణ చిత్రాల్లో కొలిచే విధానం

మే నెలాఖరున అర్ధరాత్రి వేళ హైదరాబాద్‌లో ఏ మేడ మీద నిలబడి దక్షిణం వైపు చూసినా, ఆకాశంలో సుమారు సగం ఎత్తున జ్యేష్ఠా నక్షత్రం ఎర్రగా కనిపిస్తుంది. దానికి కాస్త ఉత్తరంగా, మామూలు కంటికి ఏమీ లేనట్టు అనిపించే చోట, రో ఓఫియూకై అనే ధూళిమేఘం ఉంది. దాదాపు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ మేఘంలో ఎస్ఆర్ 12 అనే జంట నక్షత్రం ఉంది. దానికి 8.7 ఆర్క్‌సెకండ్ల (ఒక ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) ఎడంగా, గురుగ్రహానికి సుమారు 13 రెట్లు ద్రవ్యరాశి గల ఒక సహచరి ఉంది. 2011లో గుర్తించిన ఈ సహచరిని ఎస్ఆర్ 12 సి అంటారు. దాని చుట్టూ వాయువు, ధూళి కలిసిన ఒక డిస్కు తిరుగుతోంది. ఇలాంటి సహచరులను, వాటి డిస్కులను, అందరికీ ఉచితంగా దొరికే పరారుణ చిత్రాల నుంచి ఇంట్లోని మామూలు కంప్యూటర్ మీద ఎలా కొలవాలో ఇక్కడ వివరిస్తాను. డిగ్రీ స్థాయి భౌతికశాస్త్రం తెలిసి, పైథాన్‌లో కొంత చేయి తిరిగి ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.

పనిలోకి దిగే ముందే ఒక విషయం మనసులో నాటుకోవాలి. ఈ చిత్రాల్లో డిస్కు డిస్కులా కనిపించదు. పళ్ళెంలాగానో వలయంలాగానో ఏ ఆకారమూ కళ్ళకు తగలదు. నక్షత్రపు కాంతిని తీసివేయాలి, వెనక ఉన్న ఆకాశపు కాంతిని తీసివేయాలి, చివరికి ఆ సహచరి ఒంటి నుంచి వచ్చే కాంతిని కూడా తీసివేయాలి. ఈ మూడు తీసివేతలూ అయ్యాక ఏదైనా మిగిలితే, ఆ మిగిలినదే డిస్కు. అందువల్ల మీ ఫలితం ఎంత గట్టిదన్నది మిగిలినదాని మీద కంటే, మీరు తీసేసిన వాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

పరారుణమే ఎందుకు

దోశలు పోయడం అయ్యాక పొయ్యి ఆర్పేసి, వంటింట్లో దీపం తీసేస్తే పెనం కనబడదు. కాని అరచేతిని దానికి జానెడు పైన పెడితే వేడి స్పష్టంగా తగులుతుంది. ఆ పెనం కాంతినిస్తూనే ఉంది, అయితే ఆ కాంతి మన కన్ను పట్టుకోలేని పొడవాటి తరంగాల్లో ఉంది. ఒక వస్తువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర అత్యధికంగా వెలుగుతుందో తెలుసుకోవాలంటే 2898ని దాని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించాలి. జవాబు మైక్రాన్లలో వస్తుంది. పుట్టి కొన్ని మిలియన్ సంవత్సరాలే అయిన గ్రహసమాన సహచరి ఇంకా చల్లారలేదు కనుక దాని ఉష్ణోగ్రత 1500 నుంచి 2500 కెల్విన్‌ల దాకా ఉండవచ్చు, అంటే దాని వెలుగు ఒకటి, రెండు మైక్రాన్ల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. చుట్టూ ఉన్న డిస్కులో లోపలి ధూళి 360 కెల్విన్‌ల దగ్గర ఉంటే గరిష్ఠం 8 మైక్రాన్ల వద్ద, 120 కెల్విన్‌ల దగ్గర ఉంటే 24 మైక్రాన్ల వద్ద వస్తుంది. సహచరి ఒకచోట, డిస్కు మరోచోట వెలుగుతాయి కాబట్టే రెండింటినీ వేరు చేయగలుగుతున్నాము.

రెండో లాభం నక్షత్రంతో పోటీ తగ్గడం. 4000 కెల్విన్‌ల నక్షత్రాన్నీ 2200 కెల్విన్‌ల సహచరినీ తీసుకొని, ఉపరితలంలో సమాన వైశాల్యం ఎంత కాంతినిస్తుందో ప్లాంక్ సూత్రంతో లెక్కకట్టి చూడండి. కంటికి కనిపించే 0.6 మైక్రాన్ల దగ్గర నక్షత్రం సుమారు 135 రెట్లు ఎక్కువ వెలుగుతుంది. 2 మైక్రాన్ల దగ్గర ఆ తేడా 5 రెట్లకు, 8 మైక్రాన్ల దగ్గర 2.2 రెట్లకు దిగుతుంది. నక్షత్రం పెద్దది కనుక వైశాల్యపు తేడా ఎలాగూ ఉంటుంది, అయినా ఈ లెక్క ఒక్కసారి సొంతంగా వేసి చూసినవారికి పరారుణం మీద నమ్మకం కుదురుతుంది.

మరి హైదరాబాద్ నుంచే 8 మైక్రాన్ల దగ్గర చూడకూడదా అని విద్యార్థులు తప్పక అడుగుతారు. చూడలేము. మన గాలి, మన దూరదర్శిని, దాని గొట్టం, అద్దం అన్నీ 300 కెల్విన్‌ల దగ్గర ఉంటాయి, కాబట్టి అవన్నీ 9.7 మైక్రాన్ల వద్ద తమంతట తామే వెలుగుతుంటాయి. పట్టపగలు నక్షత్రాలను వెతకడం ఎంత కష్టమో ఇదీ అంతే కష్టం, పైగా ఆ పగలుకు అస్తమయం లేదు. దీనికి తోడు గాలిలోని నీటి ఆవిరి పరారుణాన్ని చాలా చోట్ల మింగేస్తుంది. రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శినికైనా ఈ అడ్డంకి తప్పదు. కాబట్టి అంతరిక్షం నుంచి తీసిన చిత్రాలనే ఆశ్రయించాలి.

సహచరిని ఎంచుకోవడం

చార్మినార్ నుంచి హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహం దాకా ఆరు కిలోమీటర్ల దూరం ఉంటుంది. విగ్రహం దగ్గర మూడు సెంటీమీటర్ల ఉసిరికాయ ఒకటి పట్టుకొని నిలబడితే, చార్మినార్ మీద ఉన్నవారికి ఆ కాయ ఒక ఆర్క్‌సెకండ్ వెడల్పుగా అనిపిస్తుంది. ఈ కొలతను గుర్తుపెట్టుకోండి. ఎస్ఆర్ 12 సి తన నక్షత్రం నుంచి దాదాపు తొమ్మిది ఉసిరికాయల ఎడంలో ఉంది. వృషభ రాశిలోని డీహెచ్ టౌరీ బి 2.3 ఆర్క్‌సెకండ్ల దూరంలో, అనురాధా నక్షత్రాల ప్రాంతంలోని జీఎస్‌సీ 6214-210 బి 2.2 ఆర్క్‌సెకండ్ల దూరంలో ఉన్నాయి. 2005లో కనుగొన్న జీక్యూ లూపీ బి 0.7 దగ్గర, 2004లో చిత్రంలోకి వచ్చిన 2ఎమ్1207 బి దాదాపు 0.8 దగ్గర ఉన్నాయి. పీడీఎస్ 70 చుట్టూ 2018లో, 2019లో బయటపడిన రెండు గ్రహాలు 0.2 ఆర్క్‌సెకండ్ల చుట్టుపక్కలే ఉన్నాయి, అంటే ఉసిరికాయలో అయిదో వంతు.

ఇప్పుడు దూరదర్శినుల వైపు నుంచి చూద్దాం. ఒక దూరదర్శిని ఎంత సన్నని ఎడాన్ని విడదీయగలదన్నది తరంగదైర్ఘ్యాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వస్తుంది. నాసా వారి పరారుణ అంతరిక్ష దూరదర్శిని స్పిట్జర్ అద్దం 85 సెంటీమీటర్లు. 8 మైక్రాన్ల దగ్గర దాని హద్దు 1.9 ఆర్క్‌సెకండ్లు. 6.5 మీటర్ల జేమ్స్ వెబ్‌కు అదే చోట 0.25. 40 సెంటీమీటర్ల అద్దమున్న వైజ్ ఉపగ్రహానికి 3.4 మైక్రాన్ల దగ్గరే ఆరు ఆర్క్‌సెకండ్ల మసక ఉంటుంది, కాబట్టి దాని పట్టికలో నక్షత్రమూ సహచరీ కలిపి ఒకే అంకెగా నమోదవుతాయి. కేవలం వైజ్ పట్టికను చూసి ఈ సహచరికి డిస్కు ఉందని రాసేవారు నిజానికి నక్షత్రపు డిస్కును సహచరి పేరు మీద రాస్తున్నారు. ఈ పొరపాటును నేను చాలా ప్రాజెక్టు నివేదికల్లో చూశాను.

మొదటిసారి చేసేవారికి ఎస్ఆర్ 12 సి కంటే మంచి ఎంపిక లేదని నా అభిప్రాయం. ఎడం ఎక్కువ, వయసు తక్కువ, డిస్కు ఉందని అల్మా రేడియో దూరదర్శినుల కొలతల వల్ల కూడా తెలుసు. కాబట్టి మీ పద్ధతి సరైనదో కాదో సరిచూసుకునే వీలుంటుంది. అది చేతికొచ్చాక రెండు ఆర్క్‌సెకండ్ల సహచరుల వైపు వెళ్ళండి. పీడీఎస్ 70 ఎంత ఆకర్షణీయంగా ఉన్నా మొదటి పనిగా దాన్ని పెట్టుకోవద్దు.

చిత్రాలు తెచ్చుకోవడం, వాటి ప్రమాణాలు

స్పిట్జర్ 2003 ఆగస్టులో వెళ్ళి, 2009 మేలో శీతలద్రవం అయిపోయేదాకా 3.6, 4.5, 5.8, 8.0 మైక్రాన్ల నాలుగు ఫిల్టర్లలోనూ చిత్రాలు తీసింది. ఆ తర్వాత 2020 జనవరి దాకా మొదటి రెండే పనిచేశాయి. కాబట్టి డిస్కు బాగా బయటపడే 8 మైక్రాన్ల చిత్రం కావాలంటే 2009కి ముందరి పరిశీలనలనే వెతకాలి. నాసా పరారుణ భాండాగారమైన ఇర్సాలో నక్షత్రం పేరు ఇస్తే ఆ చోటికి సంబంధించిన పరిశీలనలన్నీ తేదీలతో సహా వస్తాయి. అక్కడ రెండు రకాల ఫైళ్ళు ఉంటాయి: విడివిడి ఫ్రేములు, వాటిని కలిపి కుట్టిన పెద్ద చిత్రం. చూడటానికి కుట్టిన చిత్రం ముచ్చటగా ఉంటుంది, కొలతకు మాత్రం విడి ఫ్రేములే వాడాలి. కుట్టేటప్పుడు పిక్సెళ్ళను తిప్పి, సాగదీసి, సగటు తీస్తారు, దాంతో మనం తర్వాత ఎంతో జాగ్రత్తగా తీసివేయవలసిన నక్షత్రపు ఆకృతి చెదిరిపోతుంది. ఒక్కో పరిశీలనలో తక్కువ సమయం తీసిన ఫ్రేములు, ఎక్కువ సమయం తీసిన ఫ్రేములు రెండూ ఉంటే రెండింటినీ దించుకోండి. నక్షత్రం మధ్యభాగం ఎక్కువ సమయపు ఫ్రేములో నిండిపోయి పనికిరాకుండా పోయినా, తక్కువ సమయపు ఫ్రేము ఆదుకుంటుంది.

ఫైలులోని అంకెలు స్టెరేడియన్‌కు ఇన్ని మెగాజాన్‌స్కీలు అనే ప్రమాణంలో ఉంటాయి (స్టెరేడియన్ ఆకాశపు వైశాల్యానికి, జాన్‌స్కీ మనకు చేరే కాంతికి కొలత). అది ఉపరితల ప్రకాశం మాత్రమే. మనకు కావలసినది మొత్తం కాంతి. స్టెరేడియన్‌కు ఒక మెగాజాన్‌స్కీ అంటే చదరపు ఆర్క్‌సెకండ్‌కు 23.5 మైక్రోజాన్‌స్కీలు. పిక్సెల్ పక్క 1.22 ఆర్క్‌సెకండ్లు కాబట్టి దాని వైశాల్యం సుమారు 1.49, రెండింటినీ గుణిస్తే పిక్సెల్‌కు 35 మైక్రోజాన్‌స్కీలు వస్తాయి. కుట్టిన చిత్రంలో పిక్సెల్ పరిమాణం వేరుగా ఉంటుంది కనుక ఈ 35ని అక్కడ వాడితే లెక్క మొత్తం తప్పుతుంది. మ్యాగ్నిట్యూడ్‌లోకి (ఇది ప్రకాశపు కొలమానం, అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతుంది) మార్చడానికి సున్నా మ్యాగ్నిట్యూడ్ విలువలు నాలుగు ఫిల్టర్లకూ వరుసగా 280.9, 179.7, 115.0, 64.9 జాన్‌స్కీలు. చేతికి అలవాటు కావడానికి ఒకటి వేసి చూడండి: 8 మైక్రాన్ల దగ్గర ఒక మిల్లీజాన్‌స్కీ ఉన్న బిందువు 12.03 మ్యాగ్నిట్యూడ్ అవ్వాలి.

మొదటి తీసివేత: నక్షత్రం

దూరదర్శిని ఏ నక్షత్రాన్నీ చుక్కగా చూపదు. మధ్యలో ఒక ముద్ద, చుట్టూ వలయాలు, అద్దాన్ని పట్టుకున్న కడ్డీల వల్ల వచ్చే కిరణాలు, ఇవన్నీ కలిసి ఒక ముద్ర పడుతుంది. ఈ ముద్రను పీఎస్ఎఫ్ అంటారు. ఒకే దూరదర్శినిలో, ఒకే ఫిల్టర్‌లో అన్ని నక్షత్రాలకూ ముద్ర దాదాపు ఒకటే. కాంతి ఎక్కువతక్కువలే మారతాయి. కాబట్టి ఆ ముద్రను ముందే తెలుసుకొని, తగినంత పెంచి, నక్షత్రం మీద సరిగ్గా కూర్చోబెట్టి తీసేస్తే పక్కనున్న సహచరి బయటపడుతుంది.

స్పిట్జర్ కెమెరాలో ఒక చిక్కుంది. నక్షత్రపు ముద్ద వెడల్పు 3.6 దగ్గర 1.66, 8 దగ్గర 1.98 ఆర్క్‌సెకండ్లు, పిక్సెల్ 1.22. అంటే ముద్దంతా ఒకటిన్నర పిక్సెల్‌లోనే ఇమిడిపోతుంది. నక్షత్రం పిక్సెల్ మధ్యలో పడిందా, మూలన పడిందా అన్నదాన్ని బట్టి ఫ్రేములోని అంకెలు చాలా మారిపోతాయి. అందుకే కెమెరా బృందం డిటెక్టర్‌లోని 25 చోట్లకు వేరువేరుగా, పిక్సెల్‌లోని చిన్న చిన్న జరుగుళ్ళతో సహా, ముద్రలను తయారుచేసి ఇచ్చింది. మీ నక్షత్రం పడిన చోటికి దగ్గరి ముద్రను ఎంచుకొని, నక్షత్రపు స్థానం, నక్షత్రపు కాంతి, సహచరి స్థానం, సహచరి కాంతి, వెనక ఆకాశపు మట్టం అన్నింటినీ కలిపి ఒకేసారి సరిపెట్టాలి. ముందు నక్షత్రాన్ని తీసేసి, తర్వాత మిగిలినదాంట్లో సహచరిని కొలిచే పద్ధతి తేలికే కాని, అందులో సహచరి కాంతి కొంత నక్షత్రం ఖాతాలోకి పోతుంది. ఎస్ఆర్ 12లోని రెండు నక్షత్రాల మధ్య ఎడం ఒక ఆర్క్‌సెకండ్‌లో చిన్న భాగమే కనుక స్పిట్జర్‌కు అవి ఒకే బిందువుగా వస్తాయి. అయినా తీసివేత తర్వాత నక్షత్రం చోట పొడవాటి మచ్చ మిగిలితే రెండు ముద్రలు పెట్టి చూడండి.

ఈ దశలో నాకు ఎదురైన అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట తార్నాకలో మా ఇంటి ముందుగదిలో నేనూ ఒక విద్యార్థినీ కూర్చొని ఒక ప్రకాశవంతమైన చిన్న వయసు నక్షత్రాన్ని 8 మైక్రాన్ల ఫ్రేముల్లో తీసివేస్తున్నాము. నక్షత్రానికి కుడివైపు 4.9 ఆర్క్‌సెకండ్ల దూరంలో చక్కటి గుండ్రని చుక్క ఒకటి మిగిలింది. 5.8 దగ్గరా ఉంది. 3.6, 4.5 దగ్గర మాత్రం లేదు. పొడవాటి తరంగాల్లోనే వెలుగుతోంది కనుక డిస్కుతో నిండిన కొత్త సహచరి అనుకొని ఆ సాయంత్రమంతా ఇద్దరమూ చాలా సంతోషించాము. మర్నాడు ఆ అమ్మాయి పిక్సెళ్ళ అంకెలను కాగితం మీద గడులుగా అచ్చు వేసి తెచ్చింది. నక్షత్రపు నడి పిక్సెల్ నుంచి వేలుతో లెక్కపెడితే ఆ చుక్క సరిగ్గా నాలుగో నిలువు వరుసలో ఉంది. ఎనిమిదో వరుసలో దానికంటే మసకగా ఇంకొకటి, పన్నెండో వరుసలో మరీ మసకగా మరొకటి. ఆకాశంలోని వస్తువులకు నాలుగు పిక్సెళ్ళ లెక్కతో పనిలేదు. 5.8, 8.0 మైక్రాన్ల డిటెక్టర్లలో ప్రకాశవంతమైన బిందువు పక్కన నాలుగేసి వరుసలకు ఒకటి చొప్పున వచ్చే ఎలక్ట్రానిక్ నీడ అది. కెమెరా చేతిపుస్తకంలో బ్యాండ్‌విడ్త్ ఎఫెక్ట్ పేరుతో స్పష్టంగా రాసి ఉంది. మేము ఆ పేజీని ముందు చదవలేదు.

అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం ఉంది. ఒకే నక్షత్రాన్ని వేరువేరు తేదీల్లో తీసిన ఫ్రేములు కనీసం రెండు జతలు లేకుండా ఏ చుక్కనూ నమ్మకూడదు. నెలలు గడిచేకొద్దీ స్పిట్జర్ ఒరిగే దిశ మారుతుంది. నిజమైన సహచరి ఉత్తర తూర్పుల లెక్కలో ఉన్న చోటే ఉంటుంది, కెమెరా సృష్టించిన చుక్క డిటెక్టర్‌తో పాటు తిరుగుతుంది. రెండు తేదీల మిగులు చిత్రాలను ఉత్తరం పైకి వచ్చేలా తిప్పి పక్కపక్కన పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

భూమి మీది పెద్ద దూరదర్శినుల్లో ఇదే ఉపాయాన్ని ఉద్దేశపూర్వకంగా వాడతారు. కెమెరాను దూరదర్శినితో పాటు కదలకుండా ఉంచి, ఆకాశాన్ని తిరగనిచ్చి, తిరగనిదాన్ని తీసేస్తారు. కాని ఆ పద్ధతిని కళ్ళు మూసుకొని వాడితే నక్షత్రం చుట్టూ ఉన్న విశాలమైన డిస్కు తనను తానే తినేసుకొని, అంచుల్లో మిగిలిన తునకలు గ్రహాల్లా కనిపిస్తాయి. వృషభ రాశిలోని ఎల్‌కేసీఏ 15 చుట్టూ 2011లోనూ 2015లోనూ ప్రకటించిన గ్రహాల జాడలు చాలావరకు డిస్కు కాంతే అయి ఉండవచ్చని 2019లో వచ్చిన చిత్రాలు చూపాయి. ఎంతో అనుభవమున్నవారి పనికే ఆ సందేహం వచ్చిందంటే మనం ఎంత ఓపికగా ఉండాలో ఆలోచించండి.

పొరపాటు ఎంత ఉండవచ్చో కొలవడం

ప్రోగ్రాం దానంతట అది ఇచ్చే ప్లస్ ఆర్ మైనస్ అంకెను నివేదికలో రాయవద్దు. అది ఫోటాన్ల గలగలను మాత్రమే లెక్కిస్తుంది; ముద్ర సరిగా కూర్చోకపోవడం వల్ల వచ్చే తప్పు దానికి తెలియదు. దీనికి నమ్మదగిన దారి ఒకటే. అసలు సహచరి ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో, వేరే దిశలో, తెలిసిన కాంతితో ఒక నకిలీ సహచరిని మీరే ఫ్రేములో పెట్టి, మొత్తం లెక్కను మొదటి నుంచి మళ్ళీ నడపండి. 30 డిగ్రీలకు ఒకటి చొప్పున చుట్టూ పెడుతూ పోండి, అసలు సహచరి ఉన్న దిశను, ఎలక్ట్రానిక్ నీడ పడే దిశను వదిలేయండి. మీరు పెట్టిన కాంతికీ తిరిగి కొలిచిన కాంతికీ మధ్య తేడాల చెల్లాచెదురే మీ అసలైన అనిశ్చితి. తేడాల సగటు సున్నా కాకుండా ఒకవైపే ఒరిగితే, మీ పద్ధతి కాంతిని ఎప్పుడూ కొంత తినేస్తోందనో, అదనంగా చేర్చుతోందనో అర్థం. ఆ మేరకు అసలు కొలతను సవరించాలి.

నక్షత్రానికి దగ్గరయ్యేకొద్దీ ఈ పరీక్ష బలహీనపడుతుంది. 8.7 ఆర్క్‌సెకండ్ల వలయం మీద స్పిట్జర్‌కు 8 మైక్రాన్ల దగ్గర ఒకదానికొకటి సంబంధం లేని చోట్లు సుమారు 28 ఉంటాయి. 2.3 దగ్గర ఏడే. ఏడు అంకెల నుంచి చెల్లాచెదురును అంచనా వేసినప్పుడు మూడు సిగ్మా (అనిశ్చితికి మూడు రెట్లు) అన్న మాటకు మామూలు బలం ఉండదు. అక్కడ అయిదు సిగ్మా వచ్చినా నేను సందేహంగానే చూస్తాను.

రెండో తీసివేత: వెనక ఆకాశం

ఇక్కడ రో ఓఫియూకై మేఘం ఇబ్బంది పెడుతుంది. 8 మైక్రాన్ల ఫిల్టర్‌లో 7.7 మైక్రాన్ల దగ్గర కర్బన వలయాల అణువులు ప్రకాశవంతంగా వెలుగుతాయి, ఆ వెలుగు పొగలాగా ఎగుడుదిగుడుగా పరుచుకొని ఉంటుంది. నక్షత్రం చుట్టూ పెద్ద వలయం గీసి, దాని సగటును ఆకాశంగా తీసుకుంటే తప్పు అంకె వస్తుంది. సహచరికి ఆనుకొని ఉన్న చిన్న ప్రాంతంలో, ఏటవాలు తలాన్ని కూడా లెక్కలోకి తీసుకొని, మట్టాన్ని సరిపెట్టండి. వృశ్చికం పైభాగంలోని వ్యవస్థల్లోనూ, వృషభంలోని చాలా చోట్లా ఈ బెడద తక్కువ.

మూడో తీసివేత: సహచరి సొంత కాంతి

ఇదే అసలైన ఘట్టం. డిస్కు లేకపోయినా 2200 కెల్విన్‌ల సహచరి 8 మైక్రాన్ల దగ్గర కొంత వెలుగుతుంది. ఆ వెలుగు ఎంతో తెలిస్తే తప్ప మిగులు తెలియదు. దాన్ని అంచనా వేయడానికి సహచరి వర్ణపట తరగతిని తీసుకొని, అదే తరగతిలో డిస్కు లేని బ్రౌన్ డ్వార్ఫ్‌ల (గ్రహానికీ నక్షత్రానికీ మధ్యస్థంగా ఉండే వస్తువుల) రంగులతో పోల్చాలి. పోల్చేవి కూడా చిన్న వయసువే కావాలి. ముసలి బ్రౌన్ డ్వార్ఫ్‌లు కుదించుకుపోయి గురుత్వం పెరిగినవి. పసివాటిలో గురుత్వం తక్కువ, ధూళి మేఘాలు వాతావరణంలో పైపైనే తేలుతుంటాయి, కాబట్టి అవి సహజంగానే ఎర్రగా ఉంటాయి. ముసలివాటితో పోలిస్తే పసిదాని సహజమైన ఎరుపే డిస్కు అనిపిస్తుంది. ఈ ఒక్క కారణం వల్ల వచ్చే తప్పుడు డిస్కులు మిగతా తప్పులన్నింటి వల్ల వచ్చేవాటికంటే తక్కువేమీ కావు.

మేఘపు ధూళి వల్ల వచ్చే ఎరుపును కూడా సరిదిద్దాలి. 2.2 మైక్రాన్ల దగ్గర కాంతినష్టం కంటికి కనిపించే కాంతిలో జరిగే నష్టంలో దాదాపు తొమ్మిదో వంతే, అయినా దట్టమైన మేఘంలో అది తీసిపారేయదగినది కాదు. 10 మైక్రాన్ల దగ్గర సిలికేట్ల వల్ల నష్టం మళ్ళీ పెరుగుతుందని గుర్తుంచుకోండి.

ఊహకు అందడానికి ఒక లెక్క చేద్దాం. మీ కొలత 12.0 మ్యాగ్నిట్యూడ్, డిస్కు లేకపోతే ఉండవలసినది 13.0 అనుకోండి. అంటే రావలసిన దానికి రెండున్నర రెట్లు కాంతి వస్తోంది, మొత్తంలో 60 శాతం డిస్కుది. నకిలీ సహచరుల పరీక్ష మీకు 0.15 అనిశ్చితి ఇస్తే దాదాపు ఏడు సిగ్మా అని సంబరపడతారు. కాని ఆ 13.0 కూడా ఒక అంచనాయే. పోలిక నక్షత్రాల రంగుల్లో 0.2 తేడా ఉంటే రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీయాలి, అప్పుడు 0.25 వస్తుంది, మిగులు నాలుగు సిగ్మాలకు దిగుతుంది. నివేదికలో రాయవలసినది ఈ నాలుగే.

ఆ తర్వాత చూడదగినవి

మిగులు ఉందని తేలాక దాన్ని ఒక ఉష్ణోగ్రత గల ధూళిగా సరిపెట్టి చూడవచ్చు. అంతకుమించి స్పిట్జర్ ఫిల్టర్లు ఏమీ చెప్పలేవు. డిస్కులో ఎంత ధూళి ఉందో వాటికి తెలియదు, ఎందుకంటే 8 మైక్రాన్ల దగ్గర వేడెక్కిన పైపొర మాత్రమే కనిపిస్తుంది. ద్రవ్యరాశికి మిల్లీమీటర్ తరంగాలు కావాలి. పీడీఎస్ 70 సి చుట్టూ ఉన్న డిస్కును 855 మైక్రాన్ల దగ్గర అల్మాతో 2021లో విడిగా చూపగలిగారు. దాని వ్యాసార్ధం సూర్యుడికీ భూమికీ మధ్య దూరానికి 1.2 రెట్లకు మించదు.

డిస్కు దేనితో తయారైందో చెప్పేది జేమ్స్ వెబ్‌లోని మీరీ వర్ణపటలేఖిని. అది 4.9 నుంచి దాదాపు 28 మైక్రాన్ల దాకా చూస్తుంది, దాని పాత పరిశీలనలు కూడా భాండాగారంలో అందరికీ దొరుకుతాయి. ఇందులో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం 10 మైక్రాన్ల సిలికేట్ గుర్తు. అక్కడ వర్ణపటం పైకి ఉబ్బితే వెచ్చని ధూళి డిస్కులో ఉంది, కిందికి కుంగితే అదే ఖనిజం సహచరి వాతావరణంలో మేఘంగా ఉంది. వైఎస్ఈఎస్ 1 అనే నక్షత్రానికి ఉన్న ఇద్దరు సహచరుల్లో బి ఉబ్బును, సి కుంగును చూపాయని 2025లో వెల్లడైంది. ఒకే కుటుంబంలో ఒకే వస్తువు రెండు చోట్ల ఉండటాన్ని ఇంత చక్కగా చూపే వర్ణపటాల జత మరొకటి నేను చూడలేదు. అదే ఏడాది సీటీ చమీలియాంటిస్ బి డిస్కులో ఎసిటిలీన్, బెంజీన్ సహా ఏడు కర్బన అణువులు దొరికాయి, దాని నక్షత్రపు డిస్కులో మాత్రం నీరు కనిపించింది. ఆ నక్షత్రం హైదరాబాద్ దిగంతం మీదికి ఎన్నడూ రాదు. మీరీ వర్ణపటాల్లో డిటెక్టర్ లోపలి కాంతి ఎదురుబొదురు తగిలి అలలు పుడతాయి, వాటిని సరిదిద్దకుండా 13.7 మైక్రాన్ల ఎసిటిలీన్ వంటి సన్నని గుర్తులను వెతకకండి.

డిస్కు నుంచి సహచరి మీదికి వాయువు ఇంకా రాలుతోందా అన్నది మన దేశం నుంచే చూడవచ్చు. ఆ వాయువు తాకినప్పుడు హైడ్రోజన్ 1.282, 2.166 మైక్రాన్ల దగ్గర గీతలుగా వెలుగుతుంది. లద్దాఖ్‌లోని హన్లేలో 2 మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శినికి టిర్‌స్పెక్, నైనీతాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శినికి టాన్‌స్పెక్ అనే పరికరాలు ఈ పరిధిలో పనిచేస్తాయి. రెండూ ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్)లో రూపొందినవే. ఎస్ఆర్ 12 మే, జూన్ నెలల్లో నడిరాత్రి తన గరిష్ఠ ఎత్తుకు చేరుతుంది, దేవస్థల్‌లో వానలకు ముందే పని ముగించాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల రాత్రులకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ నక్షత్రం హైదరాబాద్ నుంచి 48 డిగ్రీల ఎత్తుకు వస్తే దేవస్థల్ నుంచి 36, హన్లే నుంచి 32 డిగ్రీలకే వస్తుంది. గాలి పలుచన అన్న లాభం కోసం ఎత్తును వదులుకోవాలి.

వృశ్చికం పైభాగంలో పనిచేసేవారు గమనించదగిన విషయం ఇంకొకటి ఉంది. ఆకాశాన్నంతా ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేయాలని ప్రపంచంలోని వేధశాలలు పంచుకున్న పనిలో, దక్షిణ క్రాంతి (ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా ఉన్న కోణదూరం) 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మన నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. జీఎస్‌సీ 6214-210 సరిగ్గా ఆ పట్టీలోనే, 20.7 డిగ్రీల దగ్గర ఉంది. బేగంపేటలో గాజు పలకల మీద ఒక్కొక్క చుక్కను కంటితో కొలిచి రాసినవారి పట్టికల్లో, ఏ కొలత ఏ పలక నుంచి తీసుకున్నారో తెలిసేలా రాసే పద్ధతిని చూడవచ్చు.

మీ కొలతల పట్టికను కూడా అలాగే తయారుచేయండి. ప్రతి వరుసలో ఫ్రేము సంఖ్య, తేదీ, దూరదర్శిని ఒరిగిన కోణం, డిటెక్టర్‌లో నక్షత్రం పడిన చోటు, వాడిన ముద్ర, ఆకాశపు మట్టం, సహచరి కాంతి, నకిలీ పరీక్ష ఇచ్చిన అనిశ్చితి ఉండాలి. సహచరి కనిపించని ఫిల్టర్‌లో గడిని ఖాళీగా వదలకండి. ఎంత కాంతి ఉన్న నకిలీ సహచరి వరకు మీ పద్ధతి పట్టుకోగలిగిందో చూసి, ఆ అంకెను పై హద్దుగా ఆ గడిలో రాయండి.